లిఫ్టాయన రాసిన తప్పులు

లిఫ్టుల కంపెనీలో ఆ ఇంజనీరు లెక్కకు తిరుగులేదు. ఎంత బరువుకు ఎంత తాడు కావాలో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. కాగితం మీద నాలుగు వాక్యాలు రాయమంటే మాత్రం ప్రాణం మీదికొచ్చేది. అయినా మెకానిక్‌లకిచ్చే సూచనలు, తలుపులకు అతికించే హెచ్చరికలు రాయాల్సింది అతనే. వాటిని అచ్చుకిచ్చే ప్రెస్సులో అందరూ అతన్ని లిఫ్టాయన అనేవారు.

ప్రెస్సులో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని ప్రూఫులు దిద్దేది యజమాని అన్న కూతురు. లిఫ్టాయన మొదటిసారి తెచ్చిన కాగితంలో 'గరిష్ఠ బారం' అని ఉంది. ఆమె తలెత్తకుండానే అడిగింది.

"ఒత్తు తీసేస్తే భారం తగ్గుతుందనుకున్నారా ఇంజనీరుగారూ?"

అతను సిగ్గుపడి నవ్వాడు. ఆమె కుర్చీ చూపించింది. ఆ పూటంతా పక్కన కూర్చోబెట్టుకుని ప్రతి వాక్యం పైకి చదివించింది.

"ఇదిగో, 'తలుపు మూసి తాడు సరిచూసి బిగించాలి' అన్నారు. బిగించేది తలుపునా, తాడునా?"

"తాడునే. మెకానిక్‌కి తెలుస్తుందిలెండి."

"మీకు తెలుసు కాబట్టి అతనికీ తెలుసనుకుంటున్నారు. చీకట్లో, చేతులకు జిడ్డు పూసుకుని చదివే మనిషండీ. అతని పక్కన మీరుండరు."

ఆ మాట అతని మనసులో నాటుకుంది. ఆమె గొంతు కూడా.

మెల్లగా అతనికి రాయడం వచ్చింది. వచ్చినకొద్దీ దిగులు పట్టుకుంది. తప్పులు లేకపోతే ఆ కుర్చీలో కూర్చునే పనేముంది? అందుకే చిన్న చిన్నవి కావాలనే వదిలేవాడు. ఒకచోట దీర్ఘం, ఒకచోట సున్నా. ఆమె ఎర్ర పెన్సిల్‌తో గీత గీసి, ఓరగా చూసి, "మళ్లీనా?" అనేది. ఆ ఒక్క మాట కోసం ఊరు ఆ చివర నుంచి రెండు బస్సులు మారి వచ్చేవాడు. మనసులో మాట మాత్రం ఎన్నిసార్లు వచ్చినా నాలుక చివరే ఆగిపోయేది.

ఒకసారి ఆమె అక్కకు ఒంట్లో బాగోలేదని వేరే ఊరు వెళ్లింది. అదే వారం హెచ్చరిక బోర్డులు అర్జెంటుగా కావాల్సి వచ్చాయి. లిఫ్టాయన రాసిచ్చాడు, మళ్లీ చూసుకోలేదు. చూసే కళ్లు వేరే ఉన్నాయన్న అలవాటు. 'మరమ్మతు జరుగుతోంది. బటన్ నొక్కకండి' అని ఉండాల్సింది, 'నొక్కండి' అని అచ్చయింది. పక్కపక్కనే ఉన్న 'క'ల్లో ఒకటి జారిపోయింది. ఇది మాత్రం కావాలని వదిలింది కాదు.

పాత మేడలో ఒక మెకానిక్ లిఫ్టు పెట్టె మీదెక్కి పని చేస్తున్నాడు. కింద కరెంటు ఆపడం మర్చిపోయాడు. ఆ మరుపుకు అడ్డుపడాల్సింది తలుపు మీది బోర్డే. ఎవరో ముసలాయన కళ్లజోడు సవరించుకుని శ్రద్ధగా చదివి, బోర్డు చెప్పినట్టే నొక్కాడు. మెకానిక్ ప్రాణం దక్కింది కానీ చీలమండ నలిగిపోయింది.

ఆసుపత్రికి లిఫ్టాయన వచ్చి మంచం పక్కన నిలబడితే మెకానికే అన్నాడు.

"ఏమనమంటారు సార్. అతికించింది నేనే. నాకూ 'నొక్కకండి' అనే కనిపించింది."

ఆమె తిరిగొచ్చాక లిఫ్టాయన దాచకుండా అంతా చెప్పాడు. కావాలని వదిలిన తప్పుల సంగతీ చెప్పాడు. ఆమె చేతిలోని ఎర్ర పెన్సిల్ బల్ల మీద పెట్టేసింది.

"అవి కావాలని చేసినవని నాకెప్పుడో తెలుసు."

"మరి అడగలేదేం?"

"అడిగితే రావడం మానేస్తారేమోనని. నేనున్నాను కదాని మీరు చూసుకోవడం మానేశారు. అలవాటు చేసింది నేనే. ఇద్దరం కలిసి ఆ మనిషి కాలు పాడుచేశాం."

అక్క పిల్లల్ని చూసుకోవడానికని నెల తిరక్కుండా ఆమె ఆ ఊరే వెళ్లిపోయింది.

ఆ తర్వాత లిఫ్టాయన రాసినదాన్ని పైకి చదవకుండా ఎవరికీ ఇవ్వలేదు. ఇప్పుడు తలుపుల మీద 'లోపల మనిషి ఉన్నాడు. బటన్ ముట్టుకోవద్దు' అని ఉంటుంది. కొత్తగా చేరిన ఇంజనీర్లకు మొదట అదే చూపిస్తాడు. "ఒక్క అక్షరం జారితే అర్థం తిరగబడే మాట రాయకండి. స్పెల్లింగుదేముందిలే అనకండి, అదీ బోల్టు లాంటిదే" అంటాడు. మెకానిక్ ఇప్పుడు కొద్దిగా కుంటుతూ స్టోర్సులో పని చేస్తున్నాడు. ఏ కాగితమైనా లిఫ్టాయన మొదట అతనితోనే చదివిస్తాడు.

ఈ మధ్య ప్రెస్సుకెళితే, కిటికీ పక్కన కూర్చున్న కొత్తమ్మాయి కాగితాలు తిరగేసి ఇచ్చేసింది.

"దీంట్లో దిద్దడానికేం లేదు సార్."

అతను కదల్లేదు. యజమాని వైపు తిరిగాడు.

"మీ అమ్మాయి ఫోన్ చేస్తుంటుందాండీ?"

"చేస్తుంది. మీ గురించీ అడుగుతుంది. ఇప్పుడు ఒక్క తప్పు రాయట్లేదమ్మా అన్నాను."

"ఏమంది?"

"'అయితే ఇక ఆయన ప్రెస్సుకు రానక్కర్లేదు కదా బాబాయ్' అంది." యజమాని కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అనేసి, ఫోన్ మాత్రం పెట్టలేదండీ. చాలాసేపు అట్లాగే ఉండిపోయింది."

నంబరు అడగాలని లిఫ్టాయన నోరు తెరిచాడు. అంతలో వెనక మిషన్ ఆన్ చేశారు, ఆ చప్పుడుకు మాట లోపలే ఉండిపోయింది. కాగితాలన్నీ మెయిల్లో పంపించవచ్చని కంపెనీ ఎప్పుడో చెప్పింది. అతను మాత్రం ఇప్పటికీ రెండు బస్సులు మారి స్వయంగానే తెచ్చిస్తున్నాడు.