చర్చి కప్పు కోసం వెతుకులాట

వరంగల్‌లో ఎంటెక్ చదివేటప్పుడు నా ప్రాజెక్టు వెతుకులాట మీద. మనం టైపు చేసిన మాటలకు వేల పేజీల్లోంచి పనికొచ్చేదాన్ని ముందు నిలబెట్టే పద్ధతుల్లో ఏది తొందరగా, ఏది సరిగ్గా పనిచేస్తుందో పోల్చాలి. పేజీల కోసం మట్టెవాడలో మా పెద్దమ్మ వాళ్ల చర్చి పాత మాసపత్రికలన్నీ స్కాన్ చేశాను. పరీక్షించడానికి పెద్దమ్మనే కూర్చోబెట్టాను. దవాఖానలో నర్సుగా రిటైరైన మనిషి. తప్పులు పట్టడంలో అనుభవం ఎక్కువ.

ఆమె దగ్గర ప్రశ్న సిద్ధంగానే ఉంది. ఒక వానాకాలం ఆదివారం చర్చి కప్పు కురిసిందట. హార్మోనియం తడవకుండా గొడుగు పట్టింది తనేనని పెద్దమ్మ, కాదు నేనని పెద్దనాన్న, నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ వాదించుకుంటున్నారు.

"చర్చి కప్పు కురిసిన ఆదివారం" అని కొట్టాను. మొదటి పద్ధతి మాటల్ని లెక్కపెడుతుంది, అంతే. రెప్పపాటులో జవాబిచ్చింది. అన్నిటికంటే పైన మహిళా సమాజానికి ఎవరో ఇచ్చిన టీ కప్పుల వార్త. దాని కింద యువకులు క్రికెట్‌లో గెలిచిన కప్పు.

"గిదానికేనా బిడ్డా ఇన్నేండ్లు సదివింది?" అంది పెద్దమ్మ.

తల కొట్టేసినట్టయింది. రెండో పద్ధతి పెట్టాను. అది ప్రశ్న పక్కన ప్రతి పేజీనీ పెట్టుకుని అర్థం చూస్తుంది. పెద్దమ్మ చిక్కుడుకాయలు తుంచి, కూర పొయ్యి మీద పెట్టి వచ్చినా ఇంకా చూస్తూనే ఉంది.

"ఏం చేస్తాంది?"

"చదువుతాంది పెద్దమ్మా."

"అచ్చం మీ పెద్దనాన్న పేపర్ చదివినట్టే."

కూర ఉడికేసరికి నా పాత లాప్‌టాప్ వేడెక్కి ఆగిపోయింది.

మరుసటి ఆదివారం రెండు పద్ధతుల్నీ కలిపి తీసుకెళ్లాను. మొదటిది వంద పేజీలు ఏరిస్తే, రెండోది ఆ వందనే చదివి వరస మారుస్తుంది. ఈసారి టీ కప్పులు ఎక్కడో అడుక్కి పోయాయి. క్షణాల్లో పైకొచ్చిన పేజీని పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుని పైకే చదివింది. రేకుల సందుల్లోంచి నీళ్లు ధార కట్టినా పాట ఆగలేదట. గొడుగు పట్టింది పెద్దనాన్నేనట.

పెద్దనాన్న మీసాల్లో నవ్వుకున్నాడు.

'సరైన జవాబు, మొదటి స్థానం' అని నేను నోట్సులో రాసుకోబోయాను.

"జర ఆగు," అంది పెద్దమ్మ. "ఇది రాసినోడు వెనక బెంచీల కూసున్నడు. వానికేం కనవడ్తది?"

"రాసింది నీ తమ్ముడే గద," అన్నాడు పెద్దనాన్న.

"గందుకే చెప్తున్న. వాడు చిన్నప్పటి సంది గంతే."

నా ప్రాజెక్టు గట్టెక్కింది. వాళ్ల వాదన మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. ఇప్పుడందులోకి ఆ పేజీ రాసిన మా మామయ్య కూడా దిగాడు.