గుండుసూది బల్లెం

బొమ్మలు చెయ్యడానికి శుభలేఖ అట్టను మించినది లేదు. నోటుపుస్తకం అట్ట మెత్తన, మందుల డబ్బా అట్ట పెళుసు. శుభలేఖయితే మడిచినచోట మడత నిలుస్తుంది, నిలబెడితే నిలబడుతుంది. మాది ఉదయగిరి. నాయన బడిపంతులు, బదిలీ అయితే ఆత్మకూరులో అద్దెకు దిగాం. ఇంటి ఓనరుగారికి ఊరంతా చుట్టాలే కాబట్టి ఆ ఇంట్లో శుభలేఖలకు కొదవ లేదు. మేం బాప్టిస్టు క్రైస్తవులం. మూలల్లో పసుపు, కుంకుమ అంటిన కార్డులు మాకు అరుదు, అందుకే వాటి మీద నాకు మోజు.

నేను ఇంటర్ చదివే రోజుల్లో, ఒక వేసవికి మా అన్న మద్రాసు ఇంజినీరింగ్ కాలేజీ నుంచి ఒక ఆట పట్టుకొచ్చాడు. ఆట అంటే జిరాక్సు కాగితాల కట్ట, ఇరవై ముఖాల పాచిక, అంతే. ఒకరు కథ చెబుతారు. "గుహ ముందర నిలబడి ఉండారు. లోపల ఏందో కదలతా ఉండాది. ఏం చేస్తారు?" అంటారు. మిగిలినవాళ్లు తమ వీరుడు ఏం చేస్తాడో చెప్పి పాచిక వెయ్యాలి. అసలు ఆటకు సీసపు బొమ్మలుంటాయట. అవి మద్రాసులోనే దొరకలేదంటే ఆత్మకూరులో ఏం దొరుకుతాయి? అందుకని నేను కాగితంతో చేశాను.

ఆడేది ముగ్గురమే. అన్న, నేను, ఓనరుగారి అబ్బాయి. అతను డిగ్రీ అయిపోయి ఉద్యోగాలకు అప్లికేషన్లు పెడుతూ ఇంట్లో ఉండేవాడు. వాటికి తీయించుకున్న పాస్‌పోర్టు ఫోటోల్లో మిగిలినది నా ముందు పడేసి, "నా మొహమే పెట్టు మే" అన్నాడు. తల కత్తిరించి అన్నం మెతుకులతో అతికించాను. చేతికి బల్లెం కూడా కావాలన్నాడు. గుండుసూదిని చేతి దగ్గర గుచ్చితే జారిపోయింది. గుండెలోంచి గుచ్చి భుజం పక్కన పైకి తీస్తే నిలిచింది. అడుగు మడతకు కార్డు మూల వచ్చింది, పసుపు కుంకుమలతో సహా. చూసుకుని మురిసిపోయాను. నా చేతిమీదుగా అంత బాగా కుదిరిన పని ఇంకోటి లేదు, ఇప్పటికీ అదే అంటాను.

సెలవులు అయిపోయి అన్న వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఓనరుగారి అబ్బాయికి పచ్చకామెర్లు వచ్చాయి. కళ్లు పచ్చబడి, మంచినీళ్లు కూడా కడుపులో నిలవక మంచం పట్టాడు. ఒక పొద్దున వాళ్లమ్మ పరుపు దులుపుతుంటే బొమ్మ కింద పడింది. పోతుందని అతనే అక్కడ దాచుకున్నాడు. ఆ సంగతి ఆమెకేం తెలుసు? ఆమెకు కనిపించింది కొడుకు మొహం, గుండెలో సూది, కాళ్ల కింద పసుపు కుంకుమ.

ఆమె కేకలకు నేను పెరట్లోకి వెళ్లేసరికి వీధి వీధంతా అక్కడే ఉంది. ఆ గది ఊడ్చి పక్క సర్దేది వాళ్లింట్లో పనిచేసే అవ్వ. పెరటి చివర రేకుల కొట్టంలో ఒంటరిగా ఉండేది. ఇద్దరు మగవాళ్లు ఆమె రెక్కలు పట్టి బావి చప్టా మీద కూచోబెట్టారు. "నాకేం తెలుసు సామీ" తప్ప ఆమె నోట ఇంకో మాట లేదు.

"పళ్లు రాలగొట్టాల. నోరు తిరక్కుంటే మంత్రం పారదు" అన్నాడొకాయన, చెట్టుకు నీళ్లు పెట్టమన్నంత మామూలుగా. ఇంకొకాయన రాయి వెతుకుతున్నాడు. పెద్దది తీసి, కింద పెట్టి, చేతికి ఒదిగే చిన్నది తీసుకోవడం నేను చూశాను.

అమ్మ నా జడ పట్టి వెనక్కి లాగి చెవిలో అంది, "నోరెత్తినావంటే చంపేస్తా. మనం అద్దెకుండేవాళ్లం. మీ నాయన గూడా ఇంట్లో లేడు." నాయన మర్రిపాడు పక్క ఊళ్లో బడికి పోయాడు, సాయంత్రం బస్సుకు గాని రాడు. అమ్మ భయం తప్పని నేనెప్పుడూ అనలేదు. కానీ ఆ రాయి నా కళ్లముందు నుంచి పోలేదు. "అది నేను చేసిన బొమ్మ" అన్నాను. ఆ గోలలో ఎవరికీ వినపడలేదు. మళ్లీ అన్నాను.

ఎవరూ నమ్మలేదు. రుజువు చూపిద్దామని లోపలికి పరిగెత్తి, మిగతా బొమ్మల డబ్బా తెచ్చి చప్టా మీద వరుసగా నిలబెట్టాను. భయంలో బుద్ధి పనిచేస్తే కదా. కొమ్ముల భూతాలు, పుర్రెల సైన్యం, మధ్యలో అన్న మొహంతో ఒకటి, నా మొహంతో ఒకటి, అన్నిటి కాళ్ల కిందా పసుపు. జనం వెనక్కి జరిగారు. అవ్వ చేతులు వదిలేసి నావైపు తిరిగారు. రాయి ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

అప్పుడు ఓనరుగారి అబ్బాయి గోడ పట్టుకుంటూ గడప దాకా వచ్చాడు. "అది ఆటమ్మా. ఫోటో నేనే ఇచ్చినాను. పరుపు కింద నేనే పెట్టుకున్నాను" అన్నాడు. వాళ్లమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. రాయి పట్టుకున్నాయన దాన్ని పక్కన పడేసి చేతులు దులుపుకున్నాడు. జనం గొణుక్కుంటూ వెళ్లిపోయారు. హమ్మయ్య అనుకునేలోపల ఓనరుగారి అబ్బాయి నా మొహం చూడకుండా, మెల్లగా, "ముందు ఆ సూది తీసెయ్ మే" అన్నాడు.

తీసేశాను. బొమ్మలన్నిటినీ అమ్మ పొయ్యిలో వేసింది.

సాయంత్రం అవ్వ మా వాకిట్లోకి వచ్చింది. బతికించావు తల్లీ అంటుందనుకున్నాను. అబద్ధమెందుకు, ఆ మాట కోసం పొద్దుటినుంచీ ఎదురుచూస్తున్నాను. ఆమె మెట్టు ఎక్కలేదు.

"మీయమ్మ పొయ్యిలో ఏసిన బొమ్మల్లో నాది గూడా ఉండిందా, తల్లీ?" అంది.

"లేదవ్వా. నీ బొమ్మ నేను చెయ్యలా."

"కోప్పడను. నిజం చెప్పు. అనంతసాగరంలో నా కూతురు ఉండాది. నేను పోయేలోగా దానికి కబురు పంపుకోవాల."

ఒట్టు వేద్దామని ఆమె తల మీదికి చెయ్యి చాచాను. అవ్వ రెండు చేతులూ తల మీద కప్పుకుని కూచుండిపోయింది.