కుక్కపిల్ల తల మీద చేతులు

నవంబరు రెండో మంగళవారం. జగ్గయ్యపేట, మా ఇల్లు.

ఉన్నవాళ్ళు: నేను, నా భార్య, అబ్బాయి, కోడలు, మూడో తరగతి చదివే మనవరాలు, ఐదేళ్ళ మనవడు. ఇంకా పేరు పెట్టని కుక్కపిల్ల.

ముందు ఎవరెవరున్నారో రాసి, తర్వాత జరిగింది రాయడం కాలువల ఆఫీసులో పనిచేసినప్పుడు అబ్బిన పద్ధతి. రిటైరయ్యాక కూడా డైరీ అలాగే రాస్తున్నాను. ఆ రోజు పేజీలో మొదటి వాక్యం: కుక్కపిల్ల పొద్దుట్నుంచి నీళ్ళు తాగలేదు.

అది మా ఇంటికి వచ్చి అప్పటికి మూడు వారాలు. చిల్లకల్లు దగ్గర హైవే పక్కన టీ హోటలు వెనక దొరికింది. రెండు నెలల పిల్ల, గోధుమరంగు, ఒక చెవి నిలబడేది, ఒకటి వాలిపోయేది. "తల్లి లారీ కింద పడిందండి, పాలకి అల్లాడుతోంది" అన్నాడట హోటలాయన. అబ్బాయి కారులో వేసుకొచ్చేశాడు. టీకా సంగతి అడిగితే, మూడో నెల రానివ్వండి అన్నారు మందుల షాపులో.

నా భార్యకి కుక్కలంటే పడదు. వచ్చిన రోజే పిల్లలిద్దరినీ నిలబెట్టి చెప్పింది.

"ఆడుకోండి, నేను కాదనను. కానీ ఎవరికైనా పన్ను తగిలిందో, ఆ మర్నాడే మళ్ళీ చిల్లకల్లు పంపించేస్తా. అక్కడ లారీలు ఆగవు, తెలుసుగా?"

పిల్లలు బుర్రలూపారు. వారం తిరిగేసరికి ఆవిడే దానికి పెరుగన్నం కలిపి పెట్టడం మొదలుపెట్టింది. "మీ తాతయ్య కంటే నయమే, ఒక్క పిలుపుకే వస్తుంది" అని నన్ను దెప్పేది. కానీ ఆ మొదటి రోజు మాట పిల్లలు మర్చిపోలేదు.

అంతకు ముందు శనివారం సాయంత్రం మనవరాలూ మనవడూ మెట్ల కింద ఎదురెదురుగా కూర్చుని, దాని తల మీద చెయ్యి మీద చెయ్యి వేసి ఏదో గొణుక్కుంటున్నారు. ఎంత ముద్దు చేస్తున్నారో అనుకున్నాను. కోడల్ని కూడా పిలిచి చూపించాను. ఫోనులో ఫొటో తీసింది. ఆదివారం తలంటి పోయబోతే మనవడు ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చి, తల తడవనివ్వకుండా ఒళ్ళు మాత్రం కడిగించుకున్నాడు. చలికాలం కదా, పోనీలే అన్నాం.

సోమవారం నుంచి కుక్కపిల్ల వాషింగ్ మెషీన్ వెనక దూరి బయటికి రాలేదు. మంగళవారం గిన్నె ముందు పెడితే మూతి నీళ్ళలో పెట్టింది కానీ నీళ్ళు లోపలికి పోలేదు. కింది దవడ వేలాడిపోయి చొంగ కారుతోంది. మొరిగితే అది దాని గొంతులా లేదు, ఎవరో దూరం నుంచి పిలుస్తున్నట్టుంది. పిల్లలు స్కూలుకి వెళ్ళిపోయారు. చేతులకి గోనెపట్టాలు చుట్టుకుని దాన్ని మూత ఉన్న బుట్టలోకి తోశాం. నేనూ అబ్బాయీ నందిగామ తీసుకెళ్ళాం.

అక్కడి పశువుల డాక్టరు బుట్ట సందులోంచి చూశాడు. చెయ్యి మాత్రం పెట్టలేదు.

"ఇంట్లో పిల్లలున్నారాండీ?"

"ఇద్దరు."

"కరిచిందా?"

"లేదండి."

"మీరు చూశారా, వాళ్ళు చెప్పారా?"

నేను అబ్బాయి మొహం చూశాను. ఆయన చేతులు కడుక్కుంటూ అన్నాడు: "రేబీసో కాదో ఇప్పుడే కచ్చితంగా చెప్పలేను కానీ, లక్షణాలు మాత్రం బాలేవు. కరిచినా కరవకపోయినా ఇంటిల్లిపాదికీ టీకాలు మొదలుపెట్టించండి. పెద్దాసుపత్రిలో ఆ టీకా పొద్దున పూటే వేస్తారు, రేపు వెళ్ళిపోండి. కానీ ఒకటి. పన్ను దిగిందా, ఎక్కడ దిగింది, అది తెలియాలి. గాయం ఉంటే అక్కడే ఇంకో ఇంజక్షన్ పడాలి. తల మీదో మెడ మీదో అయితే అసలు ఆగకూడదు."

వచ్చేటప్పుడు చిల్లకల్లు హోటలు దగ్గర ఆపాం. అబ్బాయి అడిగితే హోటలాయన టీ వడపోస్తూనే ఉన్నాడు, తలెత్తలేదు.

"లారీ కిందే పడిందండి."

"ఎలా పడింది?"

"టైర్లు కరుస్తా పోయిందండి. కదిలే లారీ టైర్లు." వడకట్టు పక్కన పెట్టి, "రెండ్రోజులు అట్లానే తిరిగింది. చెప్తే పిల్లని తీస్కపోరని..." అన్నాడు.

అబ్బాయి కారు ఇంటికి తిప్పాడు. వెనక సీట్లో బుట్ట అప్పుడప్పుడూ కదులుతోంది.

దాన్ని పెరట్లో సామాన్ల గదిలో పెట్టి తాళం వేశాం. పిల్లలు స్కూలు నుంచి రాగానే కోడలు వాళ్ళ మొహం, మెడ, చేతులు, కాళ్ళు, పొట్ట, వీపు వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. ఒక్క గీరు కూడా లేదు.

"నిజం చెప్పమ్మా. కరిచిందా?" అన్నాను మనవరాలితో.

"కరవలేదు తాతయ్యా."

"తమ్ముడిని?"

మనవడు నోరు తెరిచేలోపే మనవరాలే అందుకుంది. "వాడిని కూడా కరవలేదు. అదెవర్నీ కరవదు. మంచిది."

"ఎవరూ తిట్టరు, కొట్టరు" అంది కోడలు. "చెప్తే చాలు నాన్నా."

వాడు అక్క వైపు చూశాడు. అక్క నేల చూసింది.

నా భార్యకి అనుమానం తీరలేదు. "ఏదీ, నా మీద ఒట్టేసి చెప్పండి."

మనవరాలు తెల్లబోయింది. "ఒట్లు వెయ్యకూడదని మా టీచర్ చెప్పింది నానమ్మా" అని లోపలికి పరుగెత్తింది. మనవడు మాత్రం అక్కడే నిలబడి, "కుక్కపిల్లకి తగ్గిపోతుందా తాతయ్యా?" అని అడిగాడు.

"చూడాలి రా."

"చచ్చిపోదుగా?"

ఆ మాట అడిగినప్పుడు వాడు పెదాలు గట్టిగా బిగించుకున్నాడు, ఏదో బయటికి జారిపోతుందేమో అన్నట్టు. భయపడ్డాడనుకుని దగ్గరికి తీసుకుని తల నిమరబోయాను. మెడ వంచి తప్పించుకుపోయాడు.

బుధవారం తెల్లవారగానే సామాన్ల గది కిటికీలోంచి చూశాను. కుక్కపిల్ల తలుపు దగ్గర పక్కకి వాలిపోయి ఉంది. నిలబడే చెవి కూడా వాలిపోయింది. నందిగామ డాక్టరుకి ఫోన్ చేస్తే, చేత్తో తాకొద్దు, మనిషిని పంపిస్తా అన్నాడు. కోడలు పిల్లలకి ఆసుపత్రికి బట్టలు తొడుగుతోంది. అబ్బాయి బ్లీచింగ్ నీళ్ళు కలుపుతున్నాడు.

వెనక నుంచి నా లుంగీ ఎవరో లాగారు. మనవడు.

"చచ్చిపోయిందా తాతయ్యా?"

"ఊఁ."

"మళ్ళీ బతకదుగా?"

"బతకదు నాన్నా."

వాడు ఇంటి వైపు ఒకసారి తిరిగి చూసి, గొంతు తగ్గించాడు. "అయితే ఇప్పుడు చెప్పొచ్చా? చెప్తే అది చచ్చిపోతుందని దాని తల మీద ఒట్టేసుకున్నాం, నేనూ అక్కా."

నా చెయ్యి పట్టుకుని ఎడమ చెవి వెనక్కి తీసుకెళ్ళాడు. జుట్టు పాయ తీసి చూశాను. పక్కు కట్టిన రెండు గాట్లు.

"ముద్దు పెట్టుకుంటే కొరికింది. శనివారం. కొంచెమే నొప్పి తాతయ్యా."

చెంబులో సబ్బు నీళ్ళతో ఆ చోటు కడుగుతూనే అబ్బాయిని కేకేశాను. వాడు బ్లీచింగ్ చేతులతోనే కారు తాళాలు అందుకున్నాడు.