ఖలాసీ తాత ఆపిన లాంతరు

మొన్న పొద్దున్నే చౌల్దారీలోని మా ఇంటి నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, ఖలాసీ తాత పోయాడే. నిద్దట్లోనే." డాలీగంజ్ బస్టాపులో నిలబడి విన్నాను. రెండు బస్సులు వచ్చి వెళ్లిపోయాయి. నేను ఎక్కలేదు.

ఆయన మాకు చుట్టమేమీ కాదు. శ్రీకాకుళం ఒడ్డు నుంచి మా నాన్నకంటే ముందే ఓడెక్కి ఈ దీవికి వచ్చిన పొరుగాయన. వల వదిలేసి, రాళ్లు వెతికే సర్వే పార్టీలో ఖలాసీగా చేరి, సాహెబ్‌ల పెట్టెలు మోస్తూ అడవులన్నీ తిరిగాడు. చదువు లేదు గానీ చెవులు పాము చెవులు; సాహెబ్‌లు రాళ్ల గురించి మాట్లాడుకునేదంతా పట్టేసేవాడు. ఆ చెవులే మా నాన్నని బతికించాయి.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. కొత్తగా దొరికిన నేలచెక్కలో నాన్న బావి తవ్వుతున్నాడు. మూడు నిలువులు దిగేసరికి నల్లటి పలకరాయి తగిలింది, చేత్తో తోస్తే అట్టల్లా విడిపోయే రకం. మర్నాడు గోతిలోకి దిగేముందు, శ్రీకాకుళంలో చేసినట్టే, వెలిగించిన లాంతరు తాడుకి కట్టి దింపబోయాడు. అది ఆరిపోతే లోపల చెడుగాలి ఉన్నట్టు, వెలిగితే దిగొచ్చన్నట్టు.

తాత కంచె దూకి వచ్చాడు. తుండుగుడ్డ కంచెకే ఉండిపోయింది.

"అరే రుకో! బత్తీ దింపకురా!"

"గాలి సూడాల గదా మావా?"

"సచ్చిపోతావురా ఎర్రోడా! ఇది మనూరు నేల కాదు. దీని గాలి బత్తీని ఆర్పదు, అంటుకుంటాది!"

నాన్నకి ఒళ్లు మండింది. అన్ని రోజుల చాకిరీ మరి! తాత మాత్రం గోతి గట్టున చతికిలబడి, సాయంత్రందాకా కదల్లేదు.

వానలకి గొయ్యి నిండాక నీళ్లలో బుడగలు తేలాయి. తాత ఓ సీసా నిండా నీళ్లు నింపి, కర్రకి కట్టి, మూతి నీళ్లలో మునిగేలా బుడగల మీద బోర్లించాడు. సీసాలో గాలి చేరాక, నీళ్లలోనే మూత బిగించి, పెరటి చివరికి పట్టుకెళ్లి, మూత తీసి అగ్గిపుల్ల గీశాడు. నీలంగా భగ్గుమంది. నాన్న గోడవైపు తిరిగి ఏడ్చాడు. నాన్న ఏడవడం అప్పుడే చూశాను.

తర్వాత తాత చెప్పిన చోట, కొండవైపు ఇసకరాయిలో తవ్వితే నీళ్లు పడ్డాయి. ఇవాళ్టికీ ఆ నీళ్లే తాగుతున్నాం.

పాత గోతి దగ్గరే తాత సాయంకాలాలన్నీ గడిచాయి. పక్కన నేను.

"ఇదంతా ఒకప్పుడు సముద్రం అడుగు బురదమ్మా. ఆకులూ పురుగులూ అందులో కుళ్లి గ్యాస్ అయినాది, బురద రాయైపోనాది. రాయి గట్టిగా ఉన్నకాడ ఊపిరి బిగబట్టుకుంటాది. బీటలిచ్చినకాడ వదిలేత్తాది."

"మరి సాహెబ్‌లు తీసుకోరా?"

"పైన మూత లాంటి రాయుంటే గదా నిలవుంటాది? ఇక్కడ భూమంతా ముడతలూ బీటలే. ఎంత తవ్వినా సాలినంత దొరకనేదు." నవ్వేవాడు. "సముద్రం నిద్దరోతోంది. ఈ బుడగలు దాని కలవరింతలు."

ఆ మాట వింటూ ఎన్నిసార్లు ఆయన ఒళ్లో నిద్రపోయానో. నాకు నాన్నని మిగిల్చినందుకు ఒక్కసారైనా చేతులు పట్టుకుని దణ్ణం పెట్టలేదు. ఎప్పుడూ ఉంటాడనుకున్నాను.

ఆ పూటే ఇల్లు చేరాను. దహనం అయ్యాక సాయంత్రం, తాత కూర్చునే చోట దీపం పెడదామని అమ్మ ప్రమిద పట్టుకుని గోతివైపు నడిచింది. అరుగు మీద ఒరిగున్న నాన్న ఒక్క ఉదుటున లేచాడు.

"అరే రుకో! అక్కడొద్దే, మావ ఒప్పుకోడు!"

అచ్చం తాత గొంతే. అమ్మ ప్రమిదని తెచ్చి మంచినీళ్ల బావి గట్టు మీద పెట్టింది. గోతి పక్కన ఆయన రోజూ కూర్చునే పీట ఖాళీగా ఉంది. దాని ముందు, మసక వెలుతురులో, బుడగలు ఒకటొకటిగా పైకి వస్తూనే ఉన్నాయి.