ఒడ్డు మనిషి

అన్న పోయాడన్న కబురు అన్న ఫోన్ నుంచే వచ్చింది. ఆదివారం, మధ్యాహ్నం రెండు కావడానికి ఇంకా పావుగంట ఉంది. ఫోన్‌లో ఆయన పేరు చూసి, అలవాటు కొద్దీ "ఒడ్డెక్కారా అన్నా?" అన్నాను. ఆయన సముద్రానికి వెళ్లడం మానేసి మూడేళ్లయిందన్న సంగతి ఆ క్షణాన గుర్తు రాలేదు. అవతల వదిన. "మీ అన్న పోయిండు తమ్మీ. పొద్దున దవాఖానకు తీస్కపోయినం. ఇగ లేడు" అంది.

అన్న నాకు తోడబుట్టినవాడు కాదు. ఎల్‌బీ నగర్ నుంచి చంపాపేట్ వచ్చే దారిలో ఒక గల్లీలో ఆయన ఇల్లు. కింది వాటాలో తొమ్మిదేళ్లు మేము కిరాయికి ఉన్నాం. నల్గొండ జిల్లాలో బోరు వేస్తే దుమ్ము లేచే పల్లె ఆయనది. మెయిన్ రోడ్డు మీద మోటార్ వైండింగ్ షాపు నడిపేవాడు. మాది బాపట్ల అవతల సముద్రం ఒడ్డు ఊరు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో గొంతు అరిగేలా లెక్కలు చెప్పేవాణ్ని. ఇంతవరకు చదివినవారు సముద్రం పిచ్చి నాదనుకుంటారు. కాదు, నాకు పడవ చూస్తేనే కడుపులో తిప్పుతుంది. ఆ పిచ్చి ఆయనది.

అది అంటించిన పాపం మాత్రం నాదే. మా బంధువుల పెళ్లికి అన్నావదినల్ని ఊరికి తీసుకెళ్లాను. భోజనాల వేళకు అన్న కనపడలేదు. వెతుక్కుంటూ పోతే ఒడ్డున ఒక ఫైబర్ పడవ ఇంజన్ విప్పుకుని కూర్చుని ఉన్నాడు. కొత్త ప్యాంటు నిండా గ్రీజు. పక్కన పడవతను నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఇంజన్ మోగింది. కూలి వద్దన్నాడట, ఒకసారి సముద్రం లోపలికి తీసుకుపొమ్మన్నాడట. ఆ సాయంత్రం రెండు కానాగంత చేపలు చేతిలో పట్టుకుని, పసిపిల్లాడిలా నవ్వుతూ పెళ్లింటికి వచ్చాడు. అప్పటికి ఆయనకు నలభై అయిదేళ్లు.

ఇక ఆపేవాళ్లు లేరు. నెలకు రెండు సార్లు శనివారం సాయంత్రం ఎల్‌బీ నగర్‌లో బస్సెక్కడం, ఆదివారం తెల్లవారేసరికి ఆ పడవతనితో సముద్రం మీద ఉండటం, సోమవారం పొద్దున షాపు షట్టర్ ఎత్తడం. వలా గిలా ఏమీ లేదు. గాలం, తంగూసు దారం, సీసం గుండు, ఎరకు రొయ్యలు. వీధిలో ఇంకో ఇద్దరు ముగ్గురు ఆయన వెంట పడ్డారు. నన్నూ ఒకసారి లాక్కెళ్లాడు. అర కిలోమీటరు పోకముందే నేను పడవ అంచు పట్టుకున్నాను. ఆయన నా చొక్కా కాలర్ పట్టుకుని రెండో వైపుకు తిప్పాడు.

"గాలి ఎటు కొడుతున్నదో చూసి కక్కాలె తమ్మీ. లేకుంటే మనది మనకే వాపస్ వస్తది."

నన్ను దింపడానికి పడవ వెనక్కి తిప్పారు. వాళ్లకు ఆ రోజు వేట పోయింది. ఒక్క మాట అనలేదు. పైగా అప్పటికి దొరికిన ఒకే ఒక చేప నా చేతిలో పెట్టారు. కడుపు ఖాళీ చేసుకున్నవాడికి మొదటి చేప ఇవ్వాలన్నది వాళ్ల పడవ ఆనవాయితీ అట.

ఆయన మాటలు అట్లాంటివే. నీతులు కావు, పనికొచ్చేవి. డీజిల్‌లో మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మిగతాది సముద్రానికి. దాని వాటా ముట్టుకోవద్దనేవాడు. పడవలో నిలబడి మొనగాడితనం చూపించవద్దనేవాడు. జెల్ల చేప ముల్లు గుచ్చితే, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో చెయ్యి పెట్టమనేవాడు. గాలాలన్నీ పాత హవాయి చెప్పుకు గుచ్చి ఉంచేవాడు. "మజా వస్తున్నప్పుడే మళ్లాలె. మజా అయిపోయినంక మళ్లితే చీకటైతది" అనేవాడు. ఆ మాట నేను క్లాసులో పిల్లలకు కూడా చెప్పాను. వాళ్లకు అర్థం కాలేదు, నాకు చెప్పే ఓపికా లేకపోయింది.

పడవకు పనికిరాని నన్ను ఆయన వదిలిపెట్టలేదు. ఒక ఉద్యోగం ఇచ్చాడు. ఒడ్డు మనిషి ఉద్యోగం. శనివారం బస్సుకు పోయే ముందు గేటు దగ్గర నాకొక చిట్టీ ఇచ్చేవాడు. ఏ పడవ, ఎవరెవరు, ఏ దిక్కుకు, ఎన్ని గంటలకు తిరిగి వస్తారు, అంతే. ఎప్పుడూ రెండు గంటలనే రాసేవాడు. నీళ్ల మీద ఫోన్ అందదు. ఒడ్డెక్కగానే నాకు ఫోన్ చేస్తాడు. నేను చిట్టీ చింపేస్తాను. మూడైనా ఫోన్ రాకపోతే పడవతని తమ్ముడికి నేను చెప్పాలి, అతను వేరే పడవ తీసుకుని వెతకడానికి పోవాలి. ఫోన్ వస్తే తప్ప చిట్టీ చింపరాదు. పడవతని ఇంట్లోవాళ్లనే పెట్టుకోవచ్చు కదా అంటే, "ఆళ్లకు సముద్రం అలవాటైపోయింది. జర ఆలస్యమైతే వస్తర్లే అనుకుంటరు. నీకు భయం ఉన్నది. భయమున్నోడే కావాలె" అన్నాడు.

అట్లా నా ఆదివారాలు పోయాయి. ఆరు రోజులు క్లాసులు చెప్పి ఏడో రోజు ఫోన్ ముందు కాపలా. రెండు దాటితే అన్నం దిగేది కాదు. విసుక్కుంటూనే చేశాను.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. వారంలో మూడు రోజులు క్లాసులుండేవి కావు. ఎల్‌బీ నగర్ చౌరస్తాలో రాస్తారోకో అంటే విజయవాడ రోడ్డంతా ఆగిపోయేది. అన్న షాపు మూసి వెళ్లేవాడు. ఒకసారి రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. అంతకు ముందు రోజే వచ్చిన చేపల డబ్బా తీసుకుపోయి అక్కడే పులుసు పెట్టించాడు. ఎవరో ఎకసెక్కమాడారు, ఆంధ్ర చేపలతో తెలంగాణ వంటావార్పా అని. "చేపను ఏ జిల్లా అని అడిగి గాలమేసిన్నా? తినుండ్రి" అన్నాడు. నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నేనూ తిన్నాను. పులుసులో చింతపండు ఎక్కువైంది. ఆ మాటంటే, "ఉద్యమం కదా, జర పుల్లగనే ఉంటది" అని నవ్వాడు.

కానీ అన్ని రోజులూ నవ్వేవి కావు. ఒక శుక్రవారం నేను క్లాసు నుంచి నడిచి వస్తున్నాను. బస్సులు లేవు. చౌరస్తాలో గుంపు ఉంది, ముందు వరుసలో అన్న ఉన్నాడు. వెనక నుంచి ఎవడో కుర్రాడు, ఆంధ్రోళ్లంతా మూట సర్దుకుని పోవాలని అరిచాడు. పది గొంతులు అందుకున్నాయి. అన్న అనలేదు. అనవద్దని కూడా అనలేదు. నన్ను చూసి తల తిప్పుకున్నట్టు నాకు అనిపించింది.

ఆ సాయంత్రం మెట్ల దగ్గర అడిగేశాను. "మీరు నోరెందుకు మెదపలేదన్నా?"

"గుంపుల ఎవడో ఒకడు ఒర్రుతడు తమ్మీ. నిన్నెవడన్నడు?"

"నన్ను కాక ఎవర్ని? మీ ఇంట్లో ఉండేది నేనే కదా."

"పిచ్చి మాటలు మాట్లాడకు" అని పైకి వెళ్లిపోయాడు. ఆయనా అలసిపోయే ఉన్నాడు. ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నా అలసట ఒక్కటే నాకు కనిపించింది.

శనివారం బస్సులు కదిలాయి. అన్న గేటు దగ్గర చిట్టీ ఇచ్చాడు. మాట లేదు. నేను తీసుకుని జేబులో పెట్టుకున్నాను. నాదీ మాట లేదు. ఆదివారం పొద్దున్నే ఫోన్ ఆపేసి బీరువాలో పడేశాను. పొమ్మన్నవాళ్ల కోసం నేనెందుకు కూర్చోవాలి అనుకున్నాను. భార్యను తీసుకుని బంధువుల ఇంటికి పోయి కడుపునిండా తిని పడుకున్నాను. సిగ్గుపడుతూనే రాస్తున్నాను ఇది.

పొద్దుగూకాక ఇంటికొస్తే వదిన గేటు పట్టుకుని నిలబడి ఉంది. "మీ అన్న ఫోన్ చేసిండా తమ్మీ?" అంది. ఫోన్ తీసి ఆన్ చేశాను. ఏమీ రాలేదు. పడవతని తమ్ముడికి నేను చెప్పేసరికి చీకటి పడింది. చీకట్లో ఎక్కడని వెతుకుతాం, ఈ మాట మూడింటికి చెప్పొద్దా మాస్టారూ, అన్నాడతను. ఆ రాత్రి గురించి రాయను. వదిన మా గడపలోనే కూర్చుంది.

సోమవారం పొద్దున వేరే పడవవాళ్లకు కనిపించారు. ఇంజన్‌కు నీళ్లలో తిరిగే ఫ్యాను పట్టి ఉంచే పిన్ను విరిగిందట. వేలెడు పిన్ను. లంగరు తాడు అడుగుకు అందలేదు, పడవ కొట్టుకుపోయింది. తాగే నీళ్లు సాయంత్రానికే అయిపోయాయి. మంగళవారం అన్న ఇంటికి వచ్చాడు. ముఖం కమిలిపోయి, పెదవులు పగిలి ఉన్నాయి. నేను గేటు దగ్గరే, "సిగ్నల్ లేదన్నా... ఆదివారం పొద్దుగూకేదాకా ఫోన్లన్నీ జామ్" అన్నాను.

ఆయన నా ముఖం చూశాడు. "అట్లనా" అన్నాడు. మా గుమ్మంలో కూలబడి, "చెల్లెను జర చాయ్ పెట్టమను. నాలిక పిడచకట్టుకపోయింది" అన్నాడు.

అప్పటి నుంచి రెండు స్పేర్ పిన్నులు మొలతాడుకు కట్టుకుని తిరిగేవాడు. పెళ్లిళ్లకు కూడా. ఇంకో సంగతి కూడా మారింది. మళ్లీ సముద్రానికి పోయే శనివారం వచ్చినప్పుడు చిట్టీ ఇంకెవరికైనా ఇవ్వమన్నాను. "ఒకపారి ఆగిందని ఇంజన్ పారేస్తమా?" అన్నాడు. గేటు దగ్గర ఇచ్చి పోలేదు. లోపలికి వచ్చి కూర్చున్నాడు. టీ అడిగాడు. పిల్లల చదువులు, మా అమ్మ మోకాళ్లు, ఏవేవో మాట్లాడాడు. ఫ్యాను గాలికి చిట్టీ ఎగరకుండా దాని మీద టీ గ్లాసు పెట్టి, అరగంట తరువాత లేచాడు. ఇక ప్రతిసారీ అదే వరస. ఆ తరువాత నేను చింపిన ప్రతి చిట్టీ మీదా గ్లాసు అడుగు మరక ఉండేది.

నాకది నచ్చేది కాదు. నన్ను నమ్మలేక కనిపెట్టి చూడటానికి కూర్చుంటున్నాడనుకునేవాణ్ని. దొంగ బుద్ధి, అంతకన్నా మంచిగా ఏం ఆలోచిస్తుంది? నిజం చెప్పేద్దామని ఎన్నోసార్లు నాలుక చివరి దాకా వచ్చింది. ఒకసారి ఆయన వేలికి గాలం గుచ్చుకుంది. "వెనక్కి గుంజొద్దు తమ్మీ, మాంసం చీరుతది. ముందుకే తొయ్యి, మొన బయటికి వచ్చినంక కత్తిరించు" అని నా చేతే చేయించాడు. నా లోపల గుచ్చుకున్నదాన్ని మాత్రం నేను ముందుకూ తొయ్యలేదు, వెనక్కీ లాగలేదు.

రాష్ట్రం వచ్చిన రోజు మొదటి మిఠాయి మా ఇంటికే తెచ్చాడు. "రాష్ట్రం మాకొచ్చింది, సముద్రం మీకు పాయె తమ్మీ" అని నిజంగానే దిగులుపడ్డాడు. మేము బడంగ్‌పేట్‌లో సొంత ఫ్లాట్‌కు మారాక కూడా స్కూటర్ మీద వచ్చేవాడు, మోకాళ్ల నొప్పులున్నా. ఫోన్‌లో మెసేజ్ పెట్టవచ్చు కదన్నా అంటే, "మెసేజ్ చాయ్ తాగుతదా?" అనేవాడు.

అన్న పోయిన పదకొండో రోజుకు పడవతను వచ్చాడు. అతనూ ముసలివాడైపోయాడు. భోజనాలయ్యాక షామియానా కింద నా పక్కన కూర్చుని, అడగకుండానే మొదలుపెట్టాడు.

"ఆ రోజు పిన్ను ఇరిగాక మిమ్మల్ని బూతులు తిట్టాను మాస్టారూ. ఇప్పుడు దాచుకోవడం దేనికి? మూడు దాటింది, నాలుగు దాటింది, ఎవరూ రారే! ఆయన నన్ను నోరు ముయ్యమన్నాడు. 'ఆడు కోపం మీద ఉన్నడు. ఫోన్ బంద్ పెట్టి ఉంటడు. తప్పు నాది. మాట్లాడకుండ ఒచ్చిన' అన్నాడు. నీళ్లు అయిపోయినా అదే మాట."

నేను అతనికి మంచినీళ్ల గ్లాసు అందించాను.

"తర్వాత మా పేటలోకి కొత్తగా సరదా వేటకి ఎవరొచ్చినా ఆయన చెప్పేది అదొక్కటే. ఒడ్డు మనిషితో జగడం పెట్టుకొని పడవ ఎక్కొద్దు. కూచోండి, ఓ టీ తాగండి, మనిషి మొహం చూసి రండి. ఇప్పుడు నేనూ అదే చెప్తన్నాను."

అంటే సముద్రం మీద ఉండగానే ఆయనకు తెలుసు. గేటు దగ్గర నేను అబద్ధం చెప్పేటప్పటికి తెలుసు. ఇన్నేళ్లు నా అబద్ధాన్ని నాకే ఉంచి, తప్పు తన మీద వేసుకుని, దాన్ని దిద్దుకోవడానికి వచ్చి టీ తాగి పోయాడు. నాకు ఏడుపు వచ్చింది. కోపం కూడా వచ్చింది. ఒక్కసారి అడిగి ఉంటే చెప్పేసేవాణ్ని కదా అనిపించింది. చెప్పేవాణ్నో లేదో, ఏమో.

సాయంత్రం పడవతన్ని ఎల్‌బీ నగర్‌లో బస్సెక్కించాను. చేరాక ఫోన్ చెయ్యమన్నాను. మర్నాడు పొద్దున నేను పళ్లు తోముకోకముందే మోగింది. "ఒడ్డెక్కాను మాస్టారూ" అన్నాడు.

ఫోన్ పెట్టేసి, పాత లాగరిథమ్ పట్టికల పుస్తకం తీశాను. అందులో ఒక చిట్టీ ఉంది. పడవ పేరు, ఇద్దరి పేర్లు, తూర్పు, వచ్చే టైం రెండు. ఆ ఆదివారానిది. దానికి ఫోన్ రాలేదు కాబట్టి చింపలేదు. పన్నెండేళ్లకు పైగా తెల్లగా, మరక లేకుండా ఉంది. మా ఆవిడ టీ తెచ్చింది. ఫ్యాను గాలికి చిట్టీ బల్ల మీంచి ఎగరబోయింది. గ్లాసు దాని మీద పెట్టాను.