మైకులో పడ్డ తిట్టు

ఎన్నో ఏళ్లుగా ఒక తిట్టు నా మీద బరువుగా ఉంది. మోయలేక కాదు, దాన్ని మోస్తూనే ఊరి చేత మంచిదాన్నని అనిపించుకుంటున్నందుకు విసుగొచ్చి చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అదే మేలు. తెలిసినవాళ్లయితే సగంలోనే "పోనీలెండి, అదెంత మాట" అంటారు. ఆ ఊరడింపు నాకు వద్దు.

ఇందుకూరుపేట దగ్గర మా ఊళ్లో నేను మహిళా మండలి కార్యదర్శిని. సముద్రపొడ్డు పాలెం నుంచి చెంచమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని మా వీధికి వచ్చేది. ఆమెకు నోరెక్కువ. బేరం కుదరకపోతే తిట్టేది, కుదిరినా తిట్టేది. మేము చెవులు మూసుకునేవాళ్లం, చేపలు మాత్రం కొనేవాళ్లం. మా ఆయన పాలేరును తల్లితో కలిపి తిట్టినా ఎవరి చెవులూ నొప్పి పెట్టలేదు. నాటకంలో హాస్యగాడు బూతు వదిలితే ఊరి పెద్దలే ముందు వరుసలో కూర్చుని పడీ పడీ నవ్వారు. మరి ఆమె తిడితేనే ఎందుకంత అసహ్యం? అప్పుడు నాకీ ప్రశ్న తోచలేదు. ఇప్పుడు తోచి ఏం లాభం?

పాలెంలో మంచినీళ్ల బావి లేదు. మండలి వార్షికోత్సవానికి పెద్ద ఆఫీసరు గారు వస్తున్నారు, ఆయన ఎదుట ఆ మాట చెప్పమని చెంచమ్మను పిలిచింది నేనే. ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. వేదిక మీద, తెర వెనక నా పక్కనే నిలబడి, చెప్పవలసింది పెదవులు కదుపుతూ వల్లె వేసుకుంటోంది.

మధ్యాహ్నం రావలసిన ఆఫీసరు పొద్దు వాలినా రాలేదు. పిల్లలు ఏడుస్తున్నారు. దండలు వాడిపోయాయి. తెర వెనక మా ముందున్న మైకు పలకదు. తట్టీ తట్టీ నా చెయ్యి నొప్పెట్టింది. అంతలో జీపు వచ్చి ఆగింది.

"ఇప్పటికి తెల్లారిందా ఈ ముండాకొడుక్కి!" అన్నాను.

సరిగ్గా అప్పుడే మైకు పలికింది.

సభంతా తెర వైపు తిరిగింది. ఆ గరగరలో గొంతు ఎవరిదో తెలియలేదు. మా అధ్యక్షురాలు తెర తొలగించి చూసింది. ఇద్దరం ఉన్నాం. నావైపు ఆమె చూడనైనా లేదు. "దీన్ని పైకి ఎవరు రానిచ్చారు? బయటికి పంపండి" అంది.

చెంచమ్మ నావైపు తిరిగింది. "చెప్పమ్మా. అన్నింది నేను కాదని చెప్పు. నువ్వు ఈడ్నే ఉండావు గదా."

"నాకేం వినపడలేదు" అన్నాను.

నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే ఎంత బాగుండేది! "నేను తిట్టేదైతే మొకం మీదనే తిడతానమ్మా, చాటున తిట్టను" అని మాత్రం అని, మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆఫీసరు గారికి దండ వేసింది నేనే. బావి ఊసు ఎవరూ ఎత్తలేదు. మా వీధి ఆడవాళ్లు ఆమె దగ్గర చేపలు కొనడం మానేశారు. కొన్నాళ్లకు ఆమె రావడమూ మానేసింది. కోవూరు వైపు అమ్ముకుంటోందని ఎవరో అన్నారు. పాలెం ఆడవాళ్లు ఇప్పటికీ ఎండలో, ఇసకలో బిందెలు మోస్తున్నారు.

చెప్పడానికి నాకు మర్నాడు లేదా? ఆ మరుసటేడు లేదా? మొగుడి పరువని, మండలి పేరని, ఇప్పుడు చెబితే ఆమెకు మాత్రం ఒరిగేదేముందని, ఎన్ని సాకులు అల్లుకున్నానో, ఒక్కొక్కటీ ఎంత మర్యాదగా వినిపించేదో తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది. తిట్టు నోరుజారి వచ్చింది. దానికి నాకు సిగ్గు లేదు. "వినపడలేదు" అన్నది మాత్రం నోరుజారి రాలేదు. ఆలోచించే అన్నాను. ఒక్క బూతూ లేని ఆ మాటే నా నోట వచ్చినవాటిలోకెల్లా పాడు మాట.

పాలెం దాకా వెళ్లి చెప్పే ధైర్యం నాకు ఇవాళ్టికీ లేదు. మీకు చెప్పాను. తిట్టింది నేను. చెంచమ్మ ఆ రోజు ఎవరినీ ఏమీ అనలేదు. బావి అడగడానికి వచ్చింది.