గోడ అవతలి సముద్రం

కొల్లాపూర్ సంతలో ఎండుచేపల గంపల పక్కగా నడిచినప్పుడల్లా ఆ ఉప్పు వాసన నన్ను ఓడరేవు పక్కన మేమున్న రేకుల షెడ్డులోకి లాక్కుపోతుంది. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు, నాకు ఎనిమిదేళ్లప్పుడు, మేస్త్రి మా అమ్మనూ నాయిననూ అక్కడికి కూలిపనికి తీసుకుపోయాడు. నీళ్లు బాగా లోతున్న రేవనీ, కొండంత ఓడలు ఒడ్డుకే వచ్చి ఆగుతాయనీ, ఇక ఆ పట్నమంతా దాని మీదే బతుకుతుందనీ దారి పొడవునా చెప్పాడు.

మా వాళ్ల వంతుకు వచ్చింది రేవు చుట్టూ ప్రహరీ గోడ. పొద్దంతా అమ్మ ఇటుకలు మోసేది, నాయిన కట్టేవాడు. నేను తడి ఇసుకలో ఎండ్రకాయల వెంట ఉరికి ఉరికి అలసిపోయి, పంటి కింద ఇసుక కరకరలాడుతుంటే జొన్నరొట్టె నములుతూ, దూరంగా పోయే పడవలను చూస్తూ కూర్చునేదాన్ని. బతుకమ్మ పండుగకు తంగేడు దొరకలేదు. ఇసుకలో పాకే తీగల ఊదాపూలతోనే ఆడవాళ్లు బతుకమ్మను పేర్చి సముద్రంలో వదిలితే, అల దాన్ని మళ్లీ మళ్లీ మా కాళ్ల దగ్గరికే తెచ్చి పెట్టింది. గోడ మాత్రం రోజురోజుకూ పెరిగింది. మొదట నా మోకాళ్ల దాకా, తర్వాత మెడ దాకా. దసరా దాటాక సముద్రం చప్పుడు వినబడడమే తప్ప నీళ్లు కనబడలేదు.

మొదటి ఓడ వచ్చిన రోజు భుజాల మీద ఎక్కించుకుని చూపిస్తానని నాయిన మాటిచ్చాడు. ఆ రోజు రానే వచ్చింది. పెద్ద సార్లు వస్తున్నారు, కూలోళ్లు కనబడొద్దని మేస్త్రి మమ్మల్ని షెడ్లలోనే ఉంచి, బయట ఒక మనిషిని కాపలా పెట్టాడు. ఓడ కూతకు పైన రేకులు అదిరాయి. నేను ఏడుస్తూ నాయిన అంగీ గుంజాను. ఆయన తల దించుకుని, "రేపు జూద్దాం బిడ్డా" అన్నాడు. మర్నాడే మమ్మల్ని ఇంటికి లారీ ఎక్కించారు. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నాయిన పోయి మూడేళ్లయింది. నిరుడు పట్టుబట్టి అమ్మను అక్కడికి తీసుకుపోయాను. మా షెడ్లు లేవు. నేను ఆడుకున్న ఇసుక మీద ఇనుప కంటైనర్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉండడం గేటు సందుల్లోంచి కనిపించింది. లోపలికి పోవాలంటే పాసు అడిగారు. ఈ గోడ మా వాళ్లు కట్టిందేనని చెప్పాను. ఎవరు కడితే ఏంటండీ, పాసు ఉండాలి కదా అన్నాడు కాపలాదారు. అరగంట వాదించి విసిగిపోయి వెనక్కి తిరిగితే, అమ్మ ఎక్కడైనా పగుళ్లున్నాయేమోనని గోడను అరచేత్తో తడుముతూ నిలబడి ఉంది.

"ఒక్క పర్రె సుత పడలే సూడు. మీ నాయిన చేతి పని గట్లుంటది" అంది.

సముద్రం సంగతి ఆమె అడగనే లేదు. అంత సంబరంగా ఉన్న మనిషి ముందు ఏం కోపం చూపించను? బస్టాండుకు దారి ఎటని ఆ కాపలాదారునే అడిగాను.